నేను ఏమీ నొక్కలేదు, ఫోన్ ఎందుకు మారింది?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ‘అప్‌డేట్ అయ్యాక’ అనే మాటతోనే మొదలయ్యాయి. అప్‌డేట్ అయ్యాక కాల్ ఎత్తడం రావట్లేదు, అప్‌డేట్ అయ్యాక బ్యాంకు యాప్ తెరుచుకోవట్లేదు, అప్‌డేట్ అయ్యాక తెలుగు విడిపోయింది. కొందరు దగ్గర్లోని షాపుకు వెళ్తే ‘సాఫ్ట్‌వేర్ కొట్టాలి, డేటా పోతుంది’ అన్నారట. హైదరాబాద్ జగదీష్ మార్కెట్లో ఏళ్ల తరబడి రిపేరు టేబుల్ దగ్గర కూర్చున్నవాణ్ని కాబట్టి చెబుతున్నా. రోగం ఏమిటో తెలియనప్పుడు ముందుగా నోటికొచ్చే మాట అది. ఫోన్‌లో మారేవి మూడు. ఫోన్ కంపెనీ పంపే సిస్టమ్ అప్‌డేట్ ఒకటి, ప్లే స్టోర్ నుంచి దిగే యాప్ అప్‌డేట్ ఒకటి, వేలు తగిలి మనకు తెలియకుండా మారిన సెట్టింగ్ ఇంకొకటి. ముందు ఈ మూడింట్లో ఏది మారిందో చూసుకోండి. మొత్తం చెరిపేసే రీసెట్ జోలికి ఆ తర్వాత వెళ్దాం.

నాకు 67 ఏళ్లు. నేను ఏ అప్‌డేటూ నొక్కలేదు. ఒకరోజు పొద్దున ఫోన్ మోగితే ఎత్తే గుర్తు వేరేగా ఉంది. ఎప్పటిలా పైకి జరిపితే కాల్ లేవలేదు. నంబర్ల జాబితా కూడా మారిపోయింది. ఫోన్ హ్యాక్ అయిందని, బ్యాంకులో డబ్బు వెంటనే తీసేయమని పక్కింటాయన అంటున్నారు. – విశ్రాంత పోస్ట్‌మాస్టర్, కాకినాడ

హ్యాక్ కాలేదండీ. డబ్బు బ్యాంకులోనే ఉండనివ్వండి. మీరు రాసినదాన్ని బట్టి మారింది ఫోన్ కాదు, కాల్స్ చూసుకునే యాప్ ఒక్కటే. మన దగ్గర అమ్ముడయ్యే మోటోరోలా, రియల్‌మీ, వన్‌ప్లస్, షావొమీ ఫోన్లలో చాలావాటికి కాల్స్ యాప్ ఆ కంపెనీది కాదు, గూగుల్‌ది. 2025 ఆగస్టులో గూగుల్ ఆ యాప్ రూపం మార్చేసింది. ప్లే స్టోర్‌లో ఆటో అప్‌డేట్ ఆన్‌లో ఉంటే, రాత్రి ఛార్జింగ్ పెట్టి పడుకున్నప్పుడు కొత్త యాప్ దానంతట అదే దిగుతుంది. పైగా కొత్త రూపాన్ని కంపెనీ తన సర్వర్ నుంచి కూడా ఆన్ చేయగలదు. అందుకే ఒకే ఇంట్లో భార్య ఫోన్ సోమవారం మారితే భర్త ఫోన్ మరుసటి వారం మారింది. ‘ఎవరో మన ఫోన్లు చూస్తున్నారు’ అనే పుకారు పుట్టింది కూడా అక్కడి నుంచే.

అంతకు ముందు ఫేవరెట్స్ వేరు, రీసెంట్స్ వేరు. ఇప్పుడు ఆ రెంటినీ కలిపి ‘హోమ్’ అన్నారు. కాంటాక్ట్స్ పైన వెతికే పెట్టె పక్కనున్న మూడు గీతల్లోకి వెళ్లింది. ఒకే మనిషి నాలుగుసార్లు చేస్తే ఒక వరుసలో కనిపించేది కాస్తా నాలుగు వరుసలైంది. అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది కాల్ ఎత్తే పద్ధతి. పైకి జరపడం పోయి, పక్కకు జరపడం వచ్చింది.

దీనికి యాప్‌లోనే మందు ఉంది. ఫోన్ యాప్ తెరిచి, మూడు గీతలు నొక్కి, సెట్టింగ్స్‌లోకి వెళ్తే ‘ఇన్‌కమింగ్ కాల్ గెస్చర్’ అని ఉంటుంది. అందులో ‘సింగిల్ ట్యాప్’ ఎంచుకోండి. ఇక జరపడాలు ఉండవు. పచ్చ బటన్ మీద ఒక్కసారి నొక్కితే లేస్తుంది, ఎర్ర బటన్ నొక్కితే కట్ అవుతుంది. వేళ్లు వణికేవాళ్లకు, పొలం పనిలో తడి చేతులతో ఫోన్ ఎత్తేవాళ్లకు పాత పద్ధతి కంటే ఇదే నయం. జేబులోంచి తీసేటప్పుడు పొరపాటున నొక్కుకునే అవకాశం మాత్రం ఉంటుంది.

పాత రూపమే కావాలంటే, ఫోన్ యాప్ గుర్తు మీద వేలు ఆనించి ఉంచండి. ‘యాప్ ఇన్ఫో’ వస్తుంది. పైన మూడు చుక్కల్లో ‘అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్’ నొక్కండి. నంబర్లు, కాల్ లిస్టు ఎక్కడికీ పోవు. అంతటితో వదిలేస్తే రెండు రోజుల్లో మళ్లీ కొత్తది దిగుతుంది. అందుకని ప్లే స్టోర్‌లో ఆ యాప్ పేజీ తెరిచి, మూడు చుక్కల్లో ఆటో అప్‌డేట్ టిక్కు తీసేయాలి. నన్నడిగితే మీరు ‘సింగిల్ ట్యాప్’ పెట్టుకుని కొత్తదానితోనే సర్దుకోండి. పాతదాన్ని పట్టుకుని వేలాడితే దానికి వచ్చే భద్రతా సవరణలు కూడా ఆగిపోతాయి.

ఇంతా చెప్పాక మీ కోపంలో న్యాయం ఉందని కూడా ఒప్పుకోవాలి. ఫొటోల యాప్ రంగు మార్చుకోండి, ఎవరు కాదన్నారు? కాల్ ఎత్తడం అనేది చూడకుండా చేసే పని. రాత్రికి రాత్రి పోపుల డబ్బాలో గిన్నెల వరస మార్చేసి, పొద్దున్నే తాలింపు పెట్టమంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే. మార్చే ముందు ‘పాత పద్ధతి ఉంచమంటారా’ అని ఒక్క ప్రశ్న వేసి ఉంటే ఇన్ని ఉత్తరాలు వచ్చేవి కావు.

మా నానమ్మ ఫోన్ ముట్టుకుంటే చాలు ఇంగ్లీషులో ఏదో చదువుతోంది. ఒకసారి నొక్కితే ఏదీ తెరుచుకోదు, పచ్చ డబ్బా కనిపిస్తుంది. స్క్రీన్ పైకీ కిందికీ జరగదు. పిన్ కొట్టడం కూడా కష్టంగా ఉంది. షాపులో రీసెట్ చేయాలన్నారు. ఫోన్‌లో తాతయ్య ఫొటోలు ఉన్నాయి. – ఇంటర్ విద్యార్థి, సిద్దిపేట

బాబూ, ఫోన్ షాపువాడికి ఇవ్వకు. తాతయ్య ఫొటోలకు ఏమీ కాదు. నానమ్మ ఫోన్‌లో ‘టాక్‌బ్యాక్’ ఆన్ అయింది. చూపు లేనివాళ్లు ఫోన్ వాడుకోవడానికి పెట్టిన సదుపాయం అది. రెండు వాల్యూమ్ బటన్లూ కలిపి కొద్దిసేపు నొక్కితే ఆన్ అయ్యే షార్ట్‌కట్ చాలా ఫోన్లలో ఉంటుంది. ఫోన్‌ను గట్టిగా పట్టుకునే పెద్దవాళ్ల చేతుల్లో అది తేలిగ్గా జరిగిపోతుంది.

ముందు అదే రెండు వాల్యూమ్ బటన్లూ మూడు సెకన్లు కలిపి నొక్కి పట్టుకుని చూడు. చాలావరకు అక్కడితో ఆగిపోతుంది. ఆగకపోతే సెట్టింగ్స్‌లోకి వెళ్లాలి. టాక్‌బ్యాక్ ఉన్నప్పుడు నడక వేరు. ఒకసారి నొక్కితే ఎంచుకున్నట్టు, వెంటనే రెండుసార్లు తడితే తెరిచినట్టు. జరపాలంటే రెండు వేళ్లతో జరపాలి. లాక్ స్క్రీన్ కూడా రెండు వేళ్లతో పైకి జరిపితేనే లేస్తుంది. పిన్‌లో ఒక్కో అంకె మీద నొక్కి, రెండుసార్లు తట్టు. లోపలికి వెళ్లాక సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, టాక్‌బ్యాక్. అక్కడ ఆఫ్ చేసి, కిందనే ఉన్న షార్ట్‌కట్ కూడా ఆఫ్ చెయ్యి. షార్ట్‌కట్ వదిలేస్తే వచ్చే వారం మళ్లీ నాకు ఉత్తరం రాస్తావు.

ఇదంతా అయ్యాక ఆ ఫొటోలు ఇంకో చోట కూడా దాచు. కంప్యూటర్లో అయినా సరే, మీ నాన్న ఫోన్‌లో అయినా సరే.

కొత్త అప్‌డేట్ తర్వాత కొన్ని చోట్ల వొత్తులు విడిపోయి కనిపిస్తున్నాయి. కొన్ని చోట్ల అక్షరాల బదులు డబ్బాలు. పెద్ద అక్షరాలు పెట్టుకుంటే కింది వొత్తు తెగిపోతోంది. పాత మిత్రుడు పంపిన పద్యాల ఫైలు తెరిస్తే అంతా ఇంగ్లీషు అక్షరాల చెత్త. ఫోన్ కంపెనీవాళ్లకు తెలుగు అంటే ఇంత చులకనా? – తెలుగు మాస్టారు, రాజమహేంద్రవరం

మాస్టారూ, మీరు రాసిన నాలుగింటి వెనకా ఉన్నవి మూడు వేర్వేరు జబ్బులు.

వొత్తులు విడిపోవడం, డబ్బాలు రావడం ఎక్కువగా ఫాంట్ వల్ల. అప్‌డేట్ తర్వాత థీమ్ మారినా, ఎవరైనా పిల్లలు ‘స్టైలిష్ ఫాంట్’ పెట్టినా ఇలా అవుతుంది. ఆ ఫాంట్లు చేసినవాళ్లు ఇంగ్లీషు అక్షరాలు చూసుకుని వదిలేస్తారు. సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే, ఫాంట్ దగ్గరికి వెళ్లి ‘డిఫాల్ట్’ పెట్టండి. ఒక్క యాప్‌లోనే ఇలా ఉంటే దోషం ఆ యాప్‌ది. దాన్ని అప్‌డేట్ చేయండి.

వొత్తు తెగడానికి కారణం వేరు. ఇంగ్లీషు వరుసకు సరిపోయే ఎత్తు తెలుగుకు చాలదు. ‘స్త్రీ’ రాస్తే పైన గుడిదీర్ఘం, కింద వొత్తులు. ఆ కొలత చూసుకోకుండా బటన్ల పెట్టెలు గీస్తే అక్షరం కాలు తెగుతుంది. ‘ఫాంట్ సైజు’ ఒక మెట్టు తగ్గించి, ‘డిస్‌ప్లే సైజు’ ఒక మెట్టు పెంచి చూడండి. చదవడానికి దాదాపు అంతే పెద్దగా ఉంటుంది, తెగడం తగ్గుతుంది.

పద్యాల ఫైలు సంగతికి అప్‌డేట్‌తో సంబంధమే లేదు. మీ మిత్రులు దాన్ని డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టించి ఉంటారు. అను పద్ధతిలో కంప్యూటర్ లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాల స్థానాలే, వాటి మీద తెలుగు బొమ్మలు తొడిగారు. ఆ ఫాంట్ లేని ఫోన్‌లో తొడుగు ఊడి లోపలి అక్షరాలు బయటపడతాయి. పీడీఎఫ్‌గా మార్చి పంపమనండి. ఎక్కడైనా తెరుచుకుంటుంది. అన్ని ఫోన్లూ చదవగలిగే యూనికోడ్ తెలుగులోకి మార్చి పంపితే ఇంకా మేలు, వెతుక్కోవచ్చు, కాపీ చేసుకోవచ్చు.

ఇక చులకన గురించి. మీకు 2018 ఫిబ్రవరి గుర్తుందో లేదో. ఆ నెలలో ప్రపంచమంతటా ఐఫోన్లను బెదరగొట్టింది మన తెలుగు అక్షరమే, ‘జ్ఞా’. ఎవరైనా మెసేజ్‌లో అది పంపితే, చూపించబోయి యాప్ కూలిపోయేది. మళ్లీ తెరిస్తే మళ్లీ కూలేది. నోటిఫికేషన్‌లో వస్తే హోమ్ స్క్రీన్ కూడా పడిపోయేది. మన కంటికి అది ఒక అక్షరం. ఫోన్ లోపల మాత్రం జ, పొల్లు, ఞ, దీర్ఘం విడివిడిగా వరసలో ఉంటాయి. వాటిని కలిపి ఒక రూపంగా గీయడం సాఫ్ట్‌వేర్ పని. ఆ వరసలో దీర్ఘానికి ముందు కంటికి కనిపించని ఒక విడదీసే గుర్తు కూడా చేరినప్పుడు, ఐఫోన్లను నడిపే సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 11లో ఆ గీసే భాగం తడబడి కుప్పకూలేది. యాపిల్ 2018 ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. ఆ రోజుల్లో ఆకతాయిలు తెలుగు రాని ఊళ్లలో కూడా ‘జ్ఞా’ పంపి స్నేహితుల ఫోన్లు ఆపేశారు. కంపెనీలు కొత్త సాఫ్ట్‌వేర్ వదిలే ముందు తెలుగులో నాలుగు పేజీలు చదివి చూసుకోవాలని మీరు అడిగితే అది అతి కాదు. తెలుగులో తప్పు కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసి, సెట్టింగ్స్‌లో ‘ఫీడ్‌బ్యాక్’ ద్వారా పంపండి. మీవంటి వాళ్లు రాయకపోతే అక్కడివాళ్లకు తెలిసే దారి లేదు.

కిరాణా కొట్టు నడుపుతాను. ఫోన్ స్లో అయితే మా అక్క కొడుకు ఏవో సెట్టింగులు మార్చి స్పీడు చేశాడు. తర్వాత అప్‌డేట్ వచ్చింది. ఇప్పుడు బ్యాంకు యాప్ తెరవగానే ‘డెవలపర్ ఆప్షన్స్ ఆన్‌లో ఉంది’ అని మూసుకుపోతోంది. స్కాన్ చేసిన డబ్బులు వస్తున్నాయి కానీ నేను ఎవరికీ పంపలేకపోతున్నా. రీసెట్ చేయించనా? – వ్యాపారి, ఖమ్మం

చేయించకండి. చేయిస్తే కొట్టు మీద ఇంకో టెన్షన్ పెట్టుకున్నట్టే.

మీ మేనల్లుడు ‘అబౌట్ ఫోన్’లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కి డెవలపర్ ఆప్షన్స్ తెరిచాడు. అందులో యానిమేషన్ వేగం తగ్గిస్తే ఫోన్ చురుగ్గా ఉన్నట్టు కనిపిస్తుంది. తప్పేమీ కాదు. కానీ ఆ గది తలుపు తెరిచి ఉంటే కంప్యూటర్ నుంచి ఫోన్‌లోకి చొరబడే దారులు కూడా ఉంటాయని కొన్ని బ్యాంకు యాప్‌లు పనిచేయడానికి ఒప్పుకోవు. అప్‌డేట్‌లో ఆ తనిఖీ కొత్తగా చేరి ఉంటుంది. సెట్టింగ్స్‌లో ‘సిస్టమ్’ లేదా ‘అడిషనల్ సెట్టింగ్స్’ కింద డెవలపర్ ఆప్షన్స్ ఉంటుంది. పైన ఉన్న మీట ఆఫ్ చేసి, ఫోన్ ఒకసారి రీస్టార్ట్ చేయండి. యాప్ తెరుచుకుంటుంది.

రీసెట్ ఎందుకు వద్దన్నానంటే, యూపీఐ మీ సిమ్‌కీ ఫోన్‌కీ ముడివేసి ఉంటుంది. రీసెట్ చేస్తే ఆ ముడి తెగుతుంది. మళ్లీ నమోదు చేయాలి. బ్యాంకులో ఇచ్చిన నంబరు సిమ్ అదే ఫోన్‌లో ఉండాలి, దాన్నుంచి ఎస్ఎంఎస్ వెళ్లేలా రీఛార్జ్ ఉండాలి. రెండు సిమ్‌లు ఉంటే చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. ఎస్ఎంఎస్ రెండో సిమ్ నుంచి వెళ్లిపోతుంది, యాప్ ‘వెరిఫికేషన్ ఫెయిల్డ్’ అంటుంది, మనం సర్వర్‌ను తిట్టుకుంటాం. అలా వస్తే నమోదు అయ్యేదాకా రెండో సిమ్ ఆఫ్ చేసి ఉంచండి. కొత్తగా నమోదైన ఫోన్‌లో మొదటి 24 గంటలు సాధారణంగా 5000 రూపాయల పరిమితి కూడా ఉంటుంది. హోల్‌సేల్ వాళ్లకు డబ్బు కట్టాల్సిన రోజు ఇలాంటి పని పెట్టుకోకూడదు.

అప్‌డేట్ అయిన రోజు నుంచి నెట్ బాగానే వస్తోంది, కాల్స్ మాత్రం వెళ్లట్లేదు, రావట్లేదు. జియో సిమ్. – బీఈడీ విద్యార్థిని, శ్రీకాకుళం

వోల్టే, అంటే 4జీ నెట్ మీదుగా కాల్స్ వెళ్లే సదుపాయం, ఆఫ్ అయి ఉంటుందమ్మా. జియోకు 2జీ, 3జీ లేవు. మాట కూడా నెట్ మీదుగానే వెళ్లాలి. సెట్టింగ్స్, మొబైల్ నెట్‌వర్క్, మీ సిమ్, ‘వోల్టే కాల్స్’ ఆన్ చేయండి. కుదరకపోతే ‘రీసెట్ నెట్‌వర్క్ సెట్టింగ్స్’ చేయండి. పేరు చూసి భయపడొద్దు, పోయేవి వైఫై పాస్‌వర్డ్‌లు, బ్లూటూత్ జతలు మాత్రమే. ఫొటోలు, మెసేజీలు ఉంటాయి. చాలా ఫోన్లలో ఆ పక్క వరసలోనే ‘ఎరేజ్ ఆల్ డేటా’ కూడా ఉంటుంది. కళ్లజోడు పెట్టుకుని నొక్కమని మా నాన్నకు చెప్పినట్టే మీకూ చెబుతున్నా.

అప్‌డేట్ తర్వాత బ్యాటరీ సగం పూటకే అయిపోతోంది, ఫోన్ నెమ్మదించింది. కొత్త ఫోన్ కొనిపించడానికి కంపెనీలు కావాలనే ఇలా చేస్తాయని మా హాస్టల్లో అందరూ అంటారు. పాత వెర్షన్‌కు వెళ్లొచ్చా? – ఇంజినీరింగ్ విద్యార్థి, అనంతపురం

తమ్ముడూ, మీ హాస్టల్ అనుమానం గాల్లోంచి పుట్టింది కాదు. యాపిల్ 2017లో ఐఓఎస్ 10.2.1 నుంచి, బ్యాటరీ పాతబడిన ఐఫోన్ల వేగాన్ని వాడేవాళ్లకు సరిగా చెప్పకుండా తగ్గించింది. ఆ ఏడాది డిసెంబరులో ఒప్పుకుంది. అరిగిన బ్యాటరీ ఒక్కసారిగా కరెంటు ఇవ్వలేక ఫోన్ ఆరిపోతోందని, దాన్ని ఆపడానికే చేశామని వివరణ. కారణం సాంకేతికంగా నిజమే. చెప్పకపోవడమే నేరం. చెప్పి ఉంటే జనం కొత్త ఫోన్ బదులు కొత్త బ్యాటరీ కొనేవాళ్లు. గొడవ ముదిరాక బ్యాటరీ మార్పిడి ధర 79 డాలర్ల నుంచి 29 డాలర్లకు తగ్గించారు. అమెరికాలో వేసిన దావాను 2020లో 50 కోట్ల డాలర్ల వరకు చెల్లించే ఒప్పందంతో ముగించుకున్నారు. ఇటలీలో 2018 అక్టోబరులో అక్కడి పోటీ నియంత్రణ సంస్థ, అప్‌డేట్‌లతో ఫోన్లు నెమ్మదించాయన్న విషయంలో యాపిల్‌కు కోటి యూరోలు, శామ్‌సంగ్‌కు 50 లక్షల యూరోలు జరిమానా వేసింది.

అలాగని నీ ఫోన్‌లో జరిగింది కూడా అదేనని నేను సంతకం పెట్టను. పెద్ద అప్‌డేట్ తర్వాత ఫోన్ లోపల యాప్‌లన్నిటినీ కొత్త సిస్టమ్‌కు తగ్గట్టు మళ్లీ సిద్ధం చేసుకుంటుంది, ఫొటోలను మళ్లీ వరస పెట్టుకుంటుంది. రెండు మూడు రోజులు వేడెక్కడం, బ్యాటరీ తాగడం మామూలే. రాత్రి ఛార్జింగ్‌లో, వైఫైలో వదిలెయ్యి. వారం దాటినా అలాగే ఉంటే సెట్టింగ్స్‌లో బ్యాటరీ వాడకం జాబితా చూడు. ఎక్కువసార్లు ఒకే ఒక్క యాప్ పైన కూర్చుని ఉంటుంది. దాన్ని తీసి మళ్లీ వెయ్యి. స్టోరేజీ నిండా ఉంటే కూడా నెమ్మదిస్తుంది. 128 జీబీలో 3 జీబీ మిగుల్చుకుని స్పీడు రావట్లేదంటే ఎలా? గ్రూపుల్లో వచ్చిన గుడ్ మార్నింగ్ వీడియోలు ముందు తీసెయ్యి. మూడేళ్లు దాటిన ఫోన్ అయితే బ్యాటరీ మార్పించు. దానికి సాఫ్ట్‌వేర్ మందు లేదు.

పాత వెర్షన్ సంగతి. ఆండ్రాయిడ్ 7 వచ్చినప్పటి నుంచి చాలా ఫోన్లలో సిస్టమ్‌కు రెండు అరలు ఉంటాయి. నువ్వు వాడుతుండగానే కొత్తది రెండో అరలో దిగుతుంది, రీస్టార్ట్ అయ్యాక అటు మారుతుంది. కొత్తది లేవలేకపోతే దానంతట అదే పాత అరకు తిరిగి వస్తుంది. కానీ కొత్తది బాగానే లేచి, నీకు నచ్చకపోతే వెనక్కి వెళ్లే మామూలు బటన్ లేదు. ఫోన్ లేవగానే సిస్టమ్‌ను నడిపించే బూట్‌లోడర్ తాళం విప్పాలి, డేటా పోతుంది, బ్యాంకు యాప్‌లు అలుగుతాయి. కొన్ని ఫోన్లలో పాత వెర్షన్ ఎక్కిస్తే ఇక లేవకుండా లోగో దగ్గరే ఆగిపోయే ప్రమాదం ఉంది. అలాంటి ఫోన్లు నా టేబుల్ మీద చాలా పడుకున్నాయి. వద్దు.

ఈసారి కొనేటప్పుడు మాత్రం కెమెరాతో పాటు ఎన్నేళ్లు అప్‌డేట్‌లు ఇస్తారో అడుగు. గూగుల్ 2023లో పిక్సెల్ 8తో, శామ్‌సంగ్ 2024లో ఎస్24తో ఏడేళ్ల మాట ఇచ్చాయి. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుంచి మోడల్ అమ్మకం ఆగిన తర్వాత కూడా కనీసం ఐదేళ్లు అప్‌డేట్‌లు అందుబాటులో ఉంచాలనే నిబంధన వచ్చింది. మన దగ్గర చవక మోడళ్లలో రెండేళ్లతో చేతులు దులుపుకునేవి ఇంకా ఉన్నాయి. పెట్టె మీద రాయరు, అడగాల్సిందే.

అప్‌డేట్ అయిన మర్నాడే స్క్రీన్ మీద నిలువుగా ఆకుపచ్చ గీత. సాఫ్ట్‌వేర్ కొడితే పోతుందా? – గృహిణి, వరంగల్

పోదమ్మా. గీత అమోలెడ్ ప్యానెల్‌లో, అంటే స్క్రీన్‌లోనే వస్తుంది. అప్‌డేట్ సమయంలో ఫోన్ వేడెక్కుతుంది కాబట్టి అప్పటికే బలహీనంగా ఉన్న ప్యానెల్ బయటపడుతుంటుంది. షాపులో సాఫ్ట్‌వేర్‌కు డబ్బు ఇవ్వకండి, కాంబో (అద్దంతో కలిపి స్క్రీన్ మొత్తం) మార్చడానికి కూడా తొందరపడకండి. కింద పడిన దెబ్బ లేకపోతే, బిల్లు పట్టుకుని ముందు కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి. కొన్ని కంపెనీలు కొన్ని మోడళ్లకు వారంటీ దాటినా ఈ గీతకు ఉచితంగా స్క్రీన్ మార్చాయి. బయట ఒకసారి విప్పిస్తే ఆ అవకాశం పోతుంది.

మేం డాలస్‌లో ఉంటాం. అమ్మానాన్నలు గుంటూరులో. ప్రతి అప్‌డేట్‌కూ అమ్మ కంగారు పడి ఫోన్ చేస్తుంది. ‘ఏం కనిపిస్తోంది’ అంటే ‘ఏదో నీలంగా’ అంటుంది. దూరం నుంచి ఎలా సరిచేయాలి? – సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

వాట్సాప్ వీడియో కాల్‌లో 2023 ఆగస్టు నుంచి స్క్రీన్ షేర్ ఉంది. అమ్మగారు ఆ గుర్తు నొక్కితే ఆవిడ స్క్రీన్ మీకు కనిపిస్తుంది. మీరు చెబుతుంటే ఆవిడే నొక్కుతారు. మీ చేతికి ఫోన్ తాళం రాదు, అదే మంచిది. దూరం నుంచి ఫోన్‌ను నడిపించే యాప్‌లు వాళ్ల ఫోన్‌లో వేయకండి. మోసగాళ్లు ‘బ్యాంకు నుంచి’ అంటూ వేయమనేవి కూడా అవే యాప్‌లు. అమ్మగారికి వాటి అలవాటు లేకపోవడమే రక్ష. స్క్రీన్ షేర్ కూడా మీతో తప్ప ఎవరితోనూ వద్దని, షేర్ చేస్తున్నప్పుడు యూపీఐ పిన్ కొట్టొద్దని చెప్పండి.

పెద్ద సిస్టమ్ అప్‌డేట్‌లు మీరు ఊరికి వచ్చినప్పుడు చేయండి, నెలనెలా వచ్చే చిన్న భద్రతా సవరణలు మాత్రం ఆపకండి. ప్లే స్టోర్‌లో మొత్తం ఆటో అప్‌డేట్ ఆపేయడం కంటే, అమ్మగారు రోజూ వాడే ఫోన్ యాప్ ఒక్కదానికి ఆపితే సరిపోతుంది. ఇంకో పని, వాళ్ల ఫోన్ మోడలే మీరూ ఒకటి పాతది కొని దగ్గర పెట్టుకోండి. ‘ఏదో నీలంగా’ అన్నప్పుడు మీ చేతిలోనూ అదే నీలం కనిపిస్తుంది.

బ్యాంకు పేరుతో వాట్సాప్‌లో ‘కేవైసీ అప్‌డేట్’ అని ఏపీకే ఫైలు వచ్చింది. నొక్కితే ఇన్‌స్టాల్ అయింది, మెసేజీలు చూడటానికి అనుమతి అడిగితే ఇచ్చాను. ఇప్పుడు ఆ యాప్ గుర్తు ఎక్కడా కనిపించట్లేదు. ఏం చేయాలి? – రైతు, నల్గొండ జిల్లా

పత్రిక అచ్చయ్యేదాకా ఆగే విషయం కాదు కాబట్టి మీకు అప్పుడే ఫోన్ చేసి చెప్పాం. మిగతావాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నా. ఇందాకటి నుంచి రీసెట్ వద్దు వద్దు అంటున్న నేనే ఈయనకు రీసెట్ చేయమన్నాను.

బ్యాంకు ఏ అప్‌డేటూ వాట్సాప్‌లో ఫైలుగా పంపదు. ట్రాఫిక్ చలానా, పీఎం కిసాన్, పెళ్లి పత్రిక, పేరేదైనా సరే, ఏపీకే వచ్చిందంటే యాప్ వచ్చినట్టే. అది మెసేజీలు చదివే అనుమతి తీసుకుని, మీ ఓటీపీలు అవతలివాడికి చేరవేస్తుంది, గుర్తు దాచుకుంటుంది.

వెంటనే ఫ్లయిట్ మోడ్ పెట్టండి, వైఫై కూడా ఆఫ్. ఇంట్లో ఇంకొకరి ఫోన్ నుంచి, పాస్‌బుక్ లేదా కార్డు వెనక ఉన్న నంబరుకు చేసి ఖాతా లావాదేవీలు, యూపీఐ ఆపించండి. గూగుల్‌లో వెతికిన నంబరుకు చేయొద్దు, అక్కడా దొంగ నంబర్లు ఉంటాయి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును అవతలి ఖాతాలో ఆపే అవకాశం అంత ఎక్కువ. ఆ తర్వాత ఫొటోలు మాత్రం కేబుల్‌తో కంప్యూటర్లోకి తీసుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. యాప్‌లు బ్యాకప్ నుంచి కాకుండా ప్లే స్టోర్ నుంచి ఒక్కొక్కటే వేసుకోండి. ఈమెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు, యూపీఐ పిన్ అన్నీ మార్చండి.

ఇలాంటి యాప్‌లు కొన్ని మన వాట్సాప్ నుంచే మనవాళ్లందరికీ అదే ఫైలును పంపుతాయి. మన పేరు చూసి వాళ్లు నమ్మి నొక్కుతారు. బ్యాంకుతో మాట్లాడటం అయిన వెంటనే చుట్టాలకు, ఊరి గ్రూపులో ఉన్నవాళ్లకు ఇంకో ఫోన్ నుంచి చెప్పండి, నా పేరుతో ఫైలు వస్తే తెరవొద్దని.